గాలి వార్త

సిన్‌చూ ఊళ్లో గాలికి పనెక్కువ.
బియ్యపు సేమ్యా ఆరబెడుతుంది,
తాళ్లకు కట్టిన పర్సిమన్ పళ్లను వాడుస్తుంది,
తొమ్మిది కొట్టేసరికి షేర్ల హాలు తలుపు తోసుకొచ్చి
మా టీ కప్పుల మధ్య కూర్చుంటుంది.

"కొత్త పెట్టె సంగతి విన్నావా?" అంటాడు జాన్.
వేరే తీగ లాగక్కర్లేదట,
ఆఫీసులో ఉన్న మామూలు నెట్‌వర్కు తీగ మీదే
గిడ్డంగి గిడ్డంగంతా నడిచొస్తుందట.
మాలో ఒక్కరం చూళ్లేదు దాన్ని.
ముప్పై ఏళ్లు రైలు టికెట్లు చింపినవాణ్ణి,
నిలవ అంటే నాకు తెలిసింది
సామాన్ల గదిలో ఎవరూ అడగని గొడుగులు.

పెట్టె అమ్మేది అమెరికావాడు, సరే.
లోపలి చిప్పు ఎవరిది?
కంపెనీ పెదవి విప్పదు.
ఒకడు మూడో బిల్డింగు కిటికీలు లెక్కపెట్టాడు,
ఇంకొకడు వర్షంలో నిలబడి లారీల నెంబర్లు రాసుకున్నాడు.
నేను యూలాన్ కొట్లో మాంసం ఉండల సూపు ముందు
తాపీగా అడిగాను:
"మూడో బిల్డింగుకి రాత్రి ఎన్ని డబ్బాలు పంపుతున్నావు?"

"నలభై పోయేవి. ఈ వారం నూట ఇరవై."
మళ్లీ ఉల్లికాడల మీదికి వంగింది.

నూట ఇరవై!
నాకు సగం సూపులోనే ఆకలి చచ్చిపోయింది.
మర్నాడు రెండు లాట్లు కొన్నాను.

మా దగ్గర పెరిగితే ఎరుపు, తరిగితే పచ్చ.
తొమ్మిది రోజులు బోర్డు గోరింటాకులా పండింది.
నేనెవరికీ చెప్పలేదు,
జాన్‌కి తప్ప.
జాన్ ఎవరికీ చెప్పలేదు,
హాలుకి తప్ప.

పదో రోజు పచ్చ.
పదకొండో రోజు వరిమడి.

తర్వాత తెలిసింది.
ఆ నూట ఇరవై మందీ
తిరిగొచ్చిన సరుకుని ఒక్కొక్కటే విప్పుతూ
తప్పెక్కడుందో వెతికారట, తెల్లవార్లూ.
డబ్బాలు అబద్ధమాడలేదు.
ఆకలి లెక్క ఆకలికి సరిపోయింది.

నిన్న ఆ బిల్డింగు కుర్రాడొకడు
నా పక్క స్టూలు మీద కూలబడ్డాడు,
మెడలో కార్డు తిరగేసుకుని.
అడగకూడదనుకుంటూనే అడిగాను.
"ఇప్పుడు చక్కగా పనిచేస్తోంది తాతా.
ఎవరికి కావాలో అదే ఇంకా..."
మిగతాది సూపుతో కలిపి మింగేశాడు.

చిల్లర ఇస్తూ యూలాన్
నేను నోరు తెరవకముందే అంది,
"లెక్కపెట్టడం మానేశాను."

ఇంటికి వచ్చే దారిలో గాలి చెవి కొరుకుతూనే ఉంది.
ఆ రెండు లాట్లూ ఇంకా అమ్మలేదు.
మూడో బిల్డింగు వైపు తలెత్తానే గానీ
కిటికీలు లెక్కపెట్టలేదు నేను.
పదిహేడు వెలుగుతున్నాయి.