ముప్పై నాలుగోది

ఔలు పట్నంలో ఏప్రిల్ నెల మాట నమ్మకూడదు.
పదో తారీకున కిటికీ అంచున చుక్కలు రాలుస్తుంది,
ఇరవయ్యో తారీకున మళ్ళీ మోకాలి లోతు మంచు.
అందుకే నేను పెట్టె తెరిచేది
బస్సు డిపో ముందున్న మంచుగుట్ట నల్లబడి, కుంగి,
అడుగు నుంచి ఓ చేతి తొడుగు బయటపడ్డాకే.
ఎవరిదో ఎడమ చెయ్యి.
ప్రతి ఏడూ ఎడమదే.

ముప్పై మూడు బట్టలు నావి.
మేజోళ్ళూ లోదుస్తులూ లెక్కలోకి రావు,
డిపో వాళ్ళిచ్చిన యూనిఫాం నాది కాదు.
ఒకటొస్తే ఒకటి పోవాలి.
నా పద్నాలుగో నంబరు బస్సుకూ అదే న్యాయం,
నిండాక తలుపు మూసేస్తాను.

చలికాలాన్ని మడతపెట్టే ముందు
దాన్ని వెలుగులోకి తెచ్చి చూడాలి.
మఫ్లరు మీద చేప సూపు మరక.
కోటు కుడి మోచేయి ఎంత అరిగిందంటే
కిటికీకి ఎదురుగా పట్టుకుంటే అవతలి మేడ కనిపిస్తుంది.
ఉన్నిని ఉతకను,
రాత్రంతా బాల్కనీలో వేలాడదీస్తాను.
గాలికి కూలి ఇవ్వక్కర్లేదు.
చిమ్మట ముట్టిందని అనుమానమొస్తే
సంచిలో చుట్టి ఫ్రీజర్లో పదిహేను రోజులు.
మా చెల్లెలు ఐలి ఒకసారి ఐస్‌క్రీం కోసం చెయ్యిపెట్టి
స్వెట్టరు చెయ్యి పట్టుకుని కెవ్వుమంది.

కలరా ఉండలు మాత్రం వాడను.
అమ్మ వాడేది.
క్రిస్మసు దాకా ఆమెను కావలించుకుంటే ముక్కు మండేది.

నేలమాళిగలో ఇంటికో వలగది.
నా పక్కది ఉర్హోది, మూడో అంతస్తు,
ఒకప్పుడు పడవల ఇంజన్లు బాగుచేసేవాడు.
ఏడాదికి రెండుసార్లు అక్కడ తారసపడతాం,
చెరో పెట్టె మోసుకుంటూ.
"గాలి" అంటాడు.
"ఔను, గాలి" అంటాను.
ప్రతి అక్టోబరులో అతను రెండు కోట్లు పైకి తెచ్చేవాడు,
ప్రతి మేలో రెండూ కిందికి.
రెండోది ఆకుపచ్చది, ఆడమనిషిది.
పెరట్లో దండెం మీద వేసి
తివాచీలు దులిపే బెత్తంతో కొట్టేవాడు,
మెల్లగా, నిద్రలేపుతున్నట్టు.
అయిదు చలికాలాలు చూశాను.
అడగలేదు.

ఈసారి దాన్ని చేతిమీద వేసుకుని నిలబడ్డాడు.
"లెంపిది. భుజాలు నీకు సరిపోవచ్చు."
ముప్పై మూడే ఉర్హో, అనాలి కదా.
నాలుక చివరిదాకా వచ్చింది.
వలతలుపు గడియ చప్పుడులో మింగేశాను.

భుజాలు కొలిచి కుట్టినట్టు సరిపోయాయి.
చేతులే రెండంగుళాలు పొట్టి.
మణికట్టు దగ్గర ఆమె ఆగిపోయి
నేను మొదలయ్యాను.
లోపలి జేబులో ఒక అదనపు బొత్తం,
దానికి చుట్టిన ఆకుపచ్చ దారం,
సూదిలోకి ఎక్కించడానికి ఎవరో నోట తడిపి
సన్నం చేసిన కొస.

మే నెలలో ఇక్కడ రాత్రి పదింటికీ దీపం అక్కర్లేదు.
పదకొండేళ్ళ బూడిద రంగు స్కర్టు ఒకటుంది,
కూర్చునే చోట పలచబడింది, అంచు మాత్రం గట్టిది.
కత్తెర పెట్టాను.
రెండు పట్టీలు కోసి కోటు చేతులకు అతికాను.
మిగతాది బూట్లు తుడిచే గుడ్డ.
ఒకటొచ్చింది, ఒకటి పోయింది,
పోయింది కూడా పూర్తిగా పోలేదు.
ముప్పై మూడా, నాలుగా?
రెండుసార్లు లెక్కపెట్టి మూడోసారి మానేశాను.

పన్నెండో తారీకున మంచు పడింది,
అన్నీ కిందికి చేర్చేశాక.
పైన మిగిలింది ఆకుపచ్చదొక్కటే.
తొడుక్కుని డ్యూటీకి దిగుతుంటే
మెట్ల మీద ఉర్హో, చెత్త సంచితో.
నా చేతుల చివర బూడిద పట్టీలు చూశాడు.
చెత్త సంచి ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు.

"గాలి" అన్నాడు.
"ఔను" అన్నాను.
మెడ దగ్గరి బొత్తం కూడా పెట్టుకున్నాను.