వేర్వేరు లాట్లు

బ్రాడీపేట నాలుగో లైనులో
నాగూర్ వలి కొట్టు, మనిషి అడ్డం తిరిగితే నిండిపోతుంది.
గాజుబల్ల మీద నాలుగు డిస్కులు పరిచి
"ఏదైనా ఒకటే సార్" అన్నాడు.

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
పంతొమ్మిదేళ్లుగా సూపర్‌వైజర్ని.
అన్నీ ఒకటే అన్నవాణ్ణి
గేటు దగ్గరే ఆపేస్తాను.

మిరపబస్తా జబ్బులు నాకు తెలుసు.
తేమ ఎక్కువైతే బూజు, తక్కువైతే గలగల.
తలుపు ఊరికే రెండుసార్లు తెరిస్తే
మూడో అంతస్తులో తేజ రంగు తిరుగుతుంది.
పైకి ఎర్రగానే ఉంటుంది.
చెయ్యి లోపలికి దూర్చి పిడికెడు తీస్తేగాని
చచ్చిన సంగతి తెలీదు.

మా ఇంట్లో డిస్కూ అలాగే చచ్చింది.
ఆదివారం పొద్దున, గ్రైండర్లో పిండి తిరుగుతుండగా
టక్, టక్, టక్,
తలుపు తీయమని లోపల్నుంచి ఎవరో కొట్టినట్టు.
సుగుణ గ్రైండరు ఆపి విన్నది.
రెండువేల పదకొండు బ్యాచ్ మొత్తం అందులోనే ఉంది.
నకలు లేదు.
హైదరాబాద్ పంపితే యాభై వేలన్నారు,
హామీ మాత్రం లేదన్నారు.

సుగుణ మున్సిపల్ బడిలో ఒకటో తరగతి టీచరు.
ఏటా జూన్‌లో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి
ఒక్కొక్క పిల్లని కూచోబెట్టి చదివించి
గొంతు పట్టి ఉంచుతుంది.
జూన్‌లో "అ... ల" అని మింగేసినవాడు
ఏప్రిల్‌లో "అలక, పలక, గిలక" అని
ఊపిరాడకుండా పరుగెత్తుతాడు.
మొదట క్యాసెట్లు. తర్వాత సీడీలు,
వాటి వెనక వెండిపూత చేపపొలుసులా లేచిపోయింది.
ఇప్పుడు ఫోను.
ఎందుకిదంతా అని ఒక్కసారే అడిగాను.
"చదవడం రాని రోజు ఎవరికీ గుర్తుండదు,
ఎవరో ఒకరు ఉంచాలిగా" అన్నది
కూర కలుపుతూ.

వలి ఐదేళ్ల వారంటీ కాగితం చూపించాడు.
పోతే కొత్తదిస్తారట.
కొత్త డిస్కు ఇస్తారు, సరే.
'ణ' పలకలేక తనమీద తనే నవ్వుకున్న
వెంకాయమ్మ మనవరాలి నవ్వు
ఏ కంపెనీ ఇస్తుంది?

సన్నటిదొకటి అరచేతిలో పెట్టాడు.
తిరిగే చక్రం లేదు, చప్పుడు లేదు, మహా వేగం.
కరెంటు తగలకుండా ఏళ్లకేళ్లు బీరువాలో పడేస్తే
మన మే నెల వేడికి
మెల్లగా మరిచిపోతుందట.
రోజూ వాడకానికి మంచిదే.
దాచుకోడానికి మాత్రం
చప్పుడు చేసి చచ్చేదే మేలనిపించింది,
కనీసం చెప్పి పోతుంది.

చివరికి రెండు తీసుకున్నా.
రెండు కంపెనీలు.
వెనక చీటీ మీద తయారైన నెల
కళ్లజోడు పైకెత్తి మరీ చదివా.
"పెళ్లిచూపులా సార్?" అన్నాడు వలి.
ఒకే లాటు బస్తాలు పక్కపక్కన పేరిస్తే
పురుగుకి ఒక్క రాత్రి చాలు, అన్నాను.

ఒకటి మా ఇంట్లో.
ఇంకోటి తెనాలిలో, వదిన ప్రభావతి బీరువాలో,
గద్వాల చీరకీ దుప్పటికీ మధ్య.
నీళ్లొచ్చినా నిప్పొచ్చినా
రెండూళ్లకీ ఒకే రాత్రి రాదని నమ్మకం.
ప్రతి ఫైలుకీ కంప్యూటరు పొడుగాటి అంకె ఒకటి కడుతుంది,
అది లోపలికెళ్లినప్పటి తూకం.
ఆర్నెల్లకోసారి మళ్లీ తూచాలి.
ఒక్క అంకె తేడా వచ్చినా ఆ బస్తా పక్కకి.
ఐదేళ్లకి రెండూ ముసలివే,
మళ్లీ ఈ కొట్టు, ఈ వలి, ఈ బేరం.
సరుకు తిప్పేవాడు ఉన్నంతకాలమే నిల్వ.

చచ్చిన డిస్కు విప్పితే
రెండు అయస్కాంతాలు దొరికాయి,
వేలు నలిపినా వదలనంత మొండివి.
ఒకటి ఫ్రిజ్ మీద కరెంటు బిల్లు మోస్తోంది.
రెండోదాని కింద
పాత హాజరుపట్టీలోంచి సుగుణ ఎత్తిరాసుకున్న
ముప్పైనాలుగు పేర్లు, పెన్సిలుతో.

పాలు తీసేటప్పుడు ఒక్కోసారి
ఏదో పేరు దగ్గర ఆగుతుంది.
"అ... ల" అంటుంది, మధ్యలో మింగి,
అచ్చం వాడన్నట్టే.