తోక ముక్క

కోనంట్ వీధిలో బోర్డు సగమే వెలుగుతుంది.
మిగతా సగం అక్షరాలు
హామ్‌ట్రామిక్ మంచులో ఏ చలికాలమో ఆరిపోయాయి.
తలుపు తోస్తే కళ్లద్దాలకి ఆవిరి పడుతుంది.
కాసేపు ఏమీ కనబడదు,
ముక్కే ముందు వెళ్లి కుర్చీ వెతుక్కుంటుంది.

అద్దాల పెట్టెలో అల్యూమినియం ట్రేలు,
వాటి మీద టేపు ముక్కలు, టేపు మీద ధరలు.
చేమకాడల కూర, గుమ్మడాకు, కాల్చిన వంకాయ,
ఎండు చేపల పచ్చడి.
ఇంట్లో ఇవి వేయించిన ఒకే ఒక్క రోజు
పైవాటా ఆవిడ ఫైరింజన్‌కి ఫోన్ చేసింది.

ముకిత్ భాయికి తెలుగు రాదు. నాకు సిల్హెటీ రాదు.
ఇద్దరం అద్దెకు తెచ్చుకున్న హిందీలో మాట్లాడుకుంటాం,
లింగాలు తప్పుతూ,
దిద్దేవాళ్లు ఎవరూ లేక హాయిగా.
పులస అంటాను నేను. ఇలిష్ అంటాడు.
గోదారికి ఎదురీదుతుందంటాను.
పద్మ దాటి అదెక్కడికీ పోదంటాడు.
అసలది పక్క కిరాణా ఫ్రీజర్లోంచి లేచి
రంపం మీద కోయించుకుని వచ్చిందని ఇద్దరికీ తెలుసు.
పుస్తెలు అమ్మే పని లేదు.
ముక్క, పప్పు, అన్నం: తొమ్మిది డాలర్లు.

ఆ మంగళవారం నాకు ఆకలెక్కువ, ఓపిక తక్కువ.
ఆసుపత్రి బిల్లుల సెక్షన్లో పొద్దుటినుంచీ
జనం జబ్బులకి అంకెలు వేసి వేసి
వేళ్లు కొయ్యబారి ఉన్నాయి.
ఆవ పెట్టిన తోక ముక్క.
తోకలో ముళ్లుంటాయని తెలుసు,
ముళ్ల పక్కనే రుచి ఉంటుందనీ తెలుసు.
నాలుక వెతకాలి, పళ్లు ఆగాలి, వేళ్లు ఏరాలి.
ముగ్గురిలో ఎవరు ఏమరుపాటున ఉన్నారో,

ముల్లు అడ్డంగా దిగింది.

నీళ్లు తాగాను. దగ్గాను.
నా కళ్లలో నీళ్లు ఆవ ఘాటువి కావని
చప్పుడు లేని టీవీలో క్రికెట్ చూస్తున్న
టాక్సీ డ్రైవరు ముందు కనిపెట్టాడు.
ఇంక హోటలంతా నా గొంతు చుట్టూ చేరింది.
అరటిపండన్నాడొకడు. వెనిగరన్నాడొకడు.
గడ్డానికి గోరింటాకు పెట్టిన ముసలాయన
పిల్లి కాళ్లు పట్టుకుని క్షమించమంటే
దానంతటదే దిగుతుందన్నాడు.
"పిల్లెక్కడిది చాచా,
ఉంటే హెల్త్ ఇన్‌స్పెక్టరు బతకనిస్తాడా?"
నవ్వారు. నేనూ నవ్వబోయాను. నవ్వితే గుచ్చుకుంది.

గొంతులో ముల్లుకి ఒక కోడుంది.
నాకది నోటికొచ్చు.
అది కొట్టగానే గదికింత, గొట్టానికింత,
డాక్టరు తొంగిచూసినందుకింత అని
గడగడా అంకెలు దిగుతాయి.
ఊపిరాడుతోందా లేదా అని కాదు,
ఈ ఏడాది ఇన్సూరెన్సు వాడు ఎంత భరిస్తాడని
లెక్కేసుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు వచ్చింది హుస్నారా ఆపా.
రెండేళ్లుగా నేనెరిగింది ఆమె మోచేతి వరకే,
వంటింటి కిటికీలోంచి పళ్లెం తోసే గాజుల చెయ్యి.
ఇప్పుడా చేతిలో ఉత్త అన్నం,
ఒత్తి ఒత్తి గట్టిపడ్డ నిమ్మకాయంత ముద్ద.
"గిలో," అంది. "గిలో!"
ఆ మాట నాకు రాదు. గొంతుకి వచ్చు.
నమలకుండా గుటుక్కున మింగాను.
రెండో ముద్ద.
మూడోదానికి, లోపలెక్కడో
ఎవరో గడప దాటినట్టయింది.

చిన్నప్పుడు మా మేనత్త కూడా ఇంతే
అని చెబుదామనుకున్నాను. హిందీ దొరకలేదు.
ఆమె నా గడ్డం పట్టి, నోరు తెరిపించి,
ఫోను దీపం వేసి
ఎసరు మరిగిందా అని చూసినట్టు చూసి,
చెయ్యి ఓణీకి తుడుచుకుని వెళ్లిపోయింది.
పొయ్యి మీద ఏదో అడుగంటుతోంది.

మళ్లీ మంగళవారం.
ముకిత్ భాయి అడక్కుండానే పొట్ట ముక్క తీశాడు.
పెద్ద ముళ్లే, చంటిపిల్లాడైనా తింటాడన్నాడు.
వద్దు, తోకే అన్నాను.
కిటికీలో గాజులు ఒక్క క్షణం ఆగాయి.
తర్వాత పళ్లెం వచ్చింది.
తోక ముక్క, పప్పు, అన్నం,
అంచున, విడిగా,
నిమ్మకాయంత ఉత్త ముద్ద.