రసమట్టం

మా నాన్న టెక్విన్ బల్లలకు బట్ట కట్టేవాడు.
వేల్స్‌కి ఉత్తరాన, వాన ఆగని పలకల గనుల ఊరు మాది.
పచ్చబట్ట చుట్టలు, మేకుల డబ్బా, ఇస్త్రీపెట్టె,
ఒళ్లో పెట్టుకుని మోసే ఇత్తడి రసమట్టం.
వ్యాను నిండాక మిగిలిన చోట నేను.

బట్ట విప్పితే ఏ ఆటైనా పలకే అనేవాడు.
పచ్చదనం కింద బూడిదనీలం రాయి.
మా కొండదే కావచ్చు.
తాత పొడిదగ్గు అందులోంచే వచ్చింది.

స్నూకర్ బల్ల పన్నెండడుగుల పొలం.
ఆ చివరి బంతి దగ్గరికి చూపు ముందు వెళ్లాలి,
మనిషి తీరిగ్గా వెనకాల రావాలి.
ఒకడు ఆడుతుంటే ఇంకొకడు కుర్చీలో కూర్చుని
గ్లాసులో నీళ్లను చూస్తూ ఉంటాడు.
ఓడిపోవడం కూడా అక్కడ
బొత్తాలు పెట్టుకునే చెయ్యాలి.
బట్టకు నూగుంటుంది, ఒకవైపే దువ్వాలి.
ఎదురు దువ్వితే బంతి అలుగుతుంది.

పూల్ అలా కాదు.
పబ్బు మూలన నాణెం మింగి
గడగడా బంతుల్ని కక్కే బల్ల.
బీరు మరకలు, సిగరెట్టు కాల్చిన మచ్చలు.
ఎవరి పెళ్లాం గురించో ఎవడో అరుస్తుండగా
నల్లబంతి తొందరపడి పడిపోతుంది.
ఎక్కిళ్లు తగ్గేలోపు ఆట అయిపోతుంది.
నాన్న దాన్ని ఎప్పుడూ చులకన చెయ్యలేదు:
"ఊరికే చిరుగుతుంది. మన రొట్టె అదే."

ఒకసారి బెల్జియం నుంచి పిలుపొచ్చింది.
లియేజ్‌లో ఒక కాఫీ హోటల్.
అక్కడ బల్లకు కన్నమే లేదు!
మూడే బంతులు. ఏదీ ఎక్కడికీ పోదు.
తిన్నగా వెళ్లి పలకరిస్తే తప్పు,
మూడు గట్లు తాకి, డొంకతిరుగుడుగా,
ఏమీ ఎరగనట్టు వచ్చి తగలాలి.
పలక కింద వేడి తీగలు.
చెయ్యి వేసి చూశాను.
జ్వరం దిగుతున్న పిల్లాడి నుదురు.
హోటల్ నడిపే ఓడీల్ అడిగింది:
"మీ ఆటలో బంతి గుంటలో పడితే చప్పట్లు కొడతారట,
ఎందుకూ? పోయింది కదా?"
నాన్న దగ్గర జవాబు లేదు.
తిరుగు ఓడ మీద కూడా లేదు.

మా గని పైన, పనివాళ్లు టీ తాగే రాతి గుడిసెలో
ఇంకో బల్ల ఉండేది. పేరు లేదు,
"అది" అనేవాళ్లం.
పనికిరాదని పారేసిన పలక,
నడిమధ్య మందు కూరడానికి తొలిచిన కన్నం,
పైన మిలట్రీ కంబళి, అంచులకు సైకిలు ట్యూబులు,
చీపురు కర్రలు, బేరింగుల్లోంచి పీకిన ఉక్కు గోళీలు.
బల్లంతా వాలు.
ఎటు కొట్టినా గోళీ తిరిగి తిరిగి కన్నం వైపే.
అందులో వేసినవాడు గెలిచినట్టు కాదు,
ఆ పూట కప్పులన్నీ వాడే కడగాలి.
ఆటంటే అక్కడ, పడకుండా ఉండడం.

ఇద్వల్ కుడిచేతి వేళ్లు మూడు కొండ తీసుకుంది.
పద్నాలుగు వారాల తర్వాత వచ్చాడు.
ఎవరూ ఏమీ అనలేదు.
గ్విలిమ్ మాత్రం ముక్కు చీదుకుని
కర్ర ఎడమచేతికి మార్చుకున్నాడు.
తర్వాత పక్కవాడు. తర్వాత అందరూ.
ఆ రోజు కప్పులు కడగనివాడు లేడు.
మర్నాటికి గోడ మీద సుద్దతో
"ఇక్కడ ఎడమచెయ్యే" అని ఉంది.
అది కూడా ఎడమచేతి రాతే.

నాన్న ఒక ఆదివారం రసమట్టం పట్టుకెళ్లాడు.
బుడగ ఒక మూలకి పరుగెత్తి నక్కింది.
కాలి కింద పెట్టబోయిన చెక్కముక్కని
టీ కాచే గ్వెన్‌లియన్ చెప్పుకాలితో తోసేసింది:
"వాలు తీసేస్తే
మా ఆట మాకు రాదు, టెక్విన్."

గని మూశారు. ఇద్వల్ లేడు. అది ఏమైందో తెలీదు,
ఎవరింటి మెట్టయిందో.

వ్యాను ఇప్పుడు నాది.
ఏ ఆట గొప్పదమ్మా అని అడుగుతారు క్లబ్బుల్లో.
నోటినిండా మేకులున్నాయి కాబట్టి తప్పించుకుంటాను.
బట్ట కప్పేముందు మాత్రం
రాయి మీద ఎడమచేత్తో, సుద్దతో,
ఒక వంకర గీత గీస్తాను.

అప్పుడప్పుడు ఫిర్యాదు వస్తుంది,
బంతి నడుమ కాస్త తడబడుతోందని.
వెళ్లి రసమట్టం పెట్టి చూపిస్తాను.
బుడగ సరిగ్గా మధ్యలోనే ఉంటుంది.