ఏడు బారల దారం

ఆదివారం ఆటోనగర్‌లో లేత్ మిషన్లు నిద్రపోతాయి.
నేను పోను.
తెల్లారి నాలుగింటికే
గొల్లపూడి దాటి, ఇబ్రహీంపట్నం దాటి,
బూడిద లారీల వెనక దగ్గుకుంటూ
కొండపల్లి అడవి అంచున బండి ఆపుతాను.

గేటు దగ్గర జోజిబాబు:
మంకీ క్యాపులోంచి రెండు కళ్లు, పెదాల మధ్య వెలిగించని బీడీ.
ఎండాకులున్న చోట అగ్గిపుల్ల గీయడు.
"చీటీ ఉందా?"
పన్నెండేళ్లుగా నా మొహం చూస్తూ
పన్నెండేళ్లుగా అదే ప్రశ్న.
పేరు రాస్తాడు, తిరిగొచ్చే వేళ రాస్తాడు.
"పదింటికి నువ్వు రాకపోతే వెతకాల్సింది నేనే గదా.
ఈ చీటీ నీకు కాదురా, నాకు."

గట్టు మీద కర్రతో రెండుసార్లు తడతాను,
పాములకో మాట చెప్పి కూర్చోవడం మర్యాద.
వానపాము, బెండు, సీసపు గుండు.
నా గాలానికి ఎదురుముల్లు లేదు,
నేనే ఆకురాయితో అరగదీశాను.
తప్పించుకునే చేప తప్పించుకుంటుంది.
వదిలేయాల్సిన దానికి దవడ చిరగదు.

మొదట్నుంచీ ఇంత బుద్ధి లేదు నాకు.

బ్యారేజీ కింద, సీతానగరం వైపు,
ఒక శ్రావణంలో నేనూ, మా షాపు సుభానీ,
మోకాలు తడవని రాళ్ల మీద.
సైరన్ కూసింది.
"ఇంకొక్కటి," అన్నాడు సుభానీ. బెండు ఊగుతోంది మరి.
"ఇంకొక్కటి," అన్నాను నేనూ.
గేటెత్తితే కృష్ణ అరవదు.
ముందు రాళ్ల రంగు మారుతుంది,
తర్వాత పిక్కల మీద ఓ చల్లని చెయ్యి,
తర్వాత రాళ్లుండవు.
పడవలోంచి నాంచారమ్మ విసిరిన మోకు
సుభానీ మణికట్టుకి దొరికింది.
బకెట్ పోయింది, చెప్పులు పోయాయి.
ఒడ్డున ఆవిడ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.
ఒక్కటి రాస్తాను:
"చేప ఏట్లో రేపూ ఉంటదిరా, సన్నాసుల్లారా!"

దారం తెగితే తెగిందని వదిలేసేవాణ్ణి అప్పట్లో.
ఈ చెరువులోనే, తుమ్మకొమ్మకి చిక్కి తెగింది.
కంటికి ఆనని దారం, ఎంతలే అనుకున్నాను.
మరుసటి వారం ఆ కొమ్మన నీటికాకి
రెక్క విప్పుకుని ఆరేసుకుంటున్నట్టే ఉంది.
దగ్గరికి వెళ్లేదాకా
ఆరేసుకుంటున్నట్టే ఉంది.
ముడి నాదే. నేను వేసే ముడి నాకు తెలియదా?
జోజిబాబు కత్తి ఇచ్చాడు. ఏమీ అనలేదు.
ఏమైనా అని ఉంటే బాగుండేది.

ఇవాళ బెండు ఒక్కసారే మాయమైంది.
లాగితే బరువు, బురద వాసన, నల్లటి వీపు.
కొర్రమీను, మూరెడు పైనే.
చింతపండు నానబెట్టమని హైమావతికి చెబుదామని
జేబులో చెయ్యి కూడా పెట్టాను.
అప్పుడు చూశాను నాచు పక్కన
నీళ్ల మీద ఎవరో ఎర్రకారం చల్లినట్టు పిల్లలు,
ఊపిరికి పైకొస్తూ, మునుగుతూ, ఒకచోటే తిరుగుతూ.
ఇది తల్లో తండ్రో నాకు తెలియదు.
కొర్రమీనుల్లో ఇద్దరూ కాపలా కాస్తారట.

చేతులు తడుపుకున్నాను.
పొడిచేత్తో పడితే ఒంటి జిగురు ఊడి
చేపకి జబ్బు చేస్తుంది.
నీళ్లలోనే ఉంచి గాలం తీశాను.
వెంటనే వెళ్లలేదు. అరచేతిలో
కాసేపు చిన్న మోటారులా కొట్టుకుంది.
తర్వాత తోకతో మొహాన నీళ్లు కొట్టి పోయింది.
బాధ లేదని చెప్పను,
బజార్లో కొర్రమీను ధర నాకూ తెలుసు.

పది కాకముందే లేచాను.
గట్టు పొడుగునా ఎవరెవరివో తెగిన దారాలు.
ఖాళీ సీసాకి చుట్టుకుంటూ నడిచాను,
చిక్కు పడ్డచోట కూర్చుని విప్పుకుంటూ.
జోజిబాబు సంచిలోకి తొంగిచూశాడు,
చీటీ మీద నా పేరు కొట్టేశాడు.

"ఏం పడ్డాయ్?" అంది హైమావతి గుమ్మంలోనే.
సీసా బల్ల మీద పెట్టాను.
"ఏడు బారలు."
ఆవిడ ఇంకేమీ అడగలేదు.
ఎందుకైనా మంచిదని నానబెట్టిన చింతపండుతో
చారు కాచింది.