297, 320

బ్రాడ్‌ఫర్డ్ లైబ్రరీ వెనక గదిలో
తడిసిన మేజోళ్ళు రేడియేటర్ మీద ఆరేసి
మూడు అట్టపెట్టెలు విప్పాను.
పంపినావిడ జుబైదా ఖాతూన్, మానింగ్‌హామ్.
చీటీలో రెండే ముక్కలు:
"ఆయన పోయారు. వీటిని పారెయ్యనూ లేను,
పక్కన పెట్టుకుని నిద్రపోనూ లేను."

నాకు ఉర్దూ వచ్చు. ఆదోనిలో నానమ్మ
పత్తి మూటల లెక్కతో పాటే అలిఫ్, బే నేర్పింది.
అందుకే ఇలాంటివన్నీ నా బల్ల మీదికే చేరతాయి.

మొదటి పెట్టెలో పల్చటి పుస్తకాలు.
లాహోర్‌లో అచ్చయినవి, కైరో నుంచి తర్జుమా అయినవి,
పిన్నుల తుప్పు పేజీల్లోకి దిగినవి.
తెల్లవాడి కోర్టు, తెల్లవాడి బడి, తెల్లవాడి గడియారం
నెత్తినెక్కి కూర్చున్న రోజుల్లో
బాగా చదువుకున్న చేతులు రాసినవి.
ఆ కోపంలో అబద్ధం లేదు.
కోపానికి కట్టిన ఇంటికే కిటికీలు లేవు.
పార్టీ, క్రమశిక్షణ, ముందు నడిచే దళం
అంటూ నానమ్మ ఏ రోజూ దువా చెయ్యలేదు.
ఆ మాటలు యూరప్ దగ్గర తెచ్చిన చేబదులు.
అప్పు పత్రం మాత్రం ఏ పేజీలోనూ దొరకలేదు.

దొరికింది ఇంకోటి.
మిల్లు జీతం చీటీ, పేజీ గుర్తుకి మడిచి పెట్టింది.
మీర్జా సర్ఫరాజ్, ఉన్ని దువ్వే విభాగం, రాత్రి షిఫ్టు.
మీర్పూర్‌లో ఊరు ఆనకట్ట కింద మునిగితే
ఇక్కడి వానలోకి వచ్చి తేలిన మనిషి.
అంచున పెన్సిల్‌తో, వణకని అక్షరాలతో:
"హుకూమత్ ఖుదాదే, సరే.
మరి కింద సంతకం ఎవరిది?"

రెండో పెట్టె కొడుకు తౌఖీర్‌ది.
నునుపు కాగితం, ఇంగ్లీషు, ఎర్ర అక్షరాలు.
బోస్నియా శవాల వీడియో క్యాసెట్లు నాలుగు.
బస్సులో వాడి మీద ఉమ్మినప్పుడు
నవ్విన పోలీసు పేరు డైరీలో ఉంది.
ఆ వారమే కాలేజీ క్యాంటీన్‌లో
మెత్తగా మాట్లాడే ఒకడు టీ ఇప్పించాడనీ ఉంది.
"ఖిలాఫత్ ఒక్కటే మందు" అన్నాడట.
ఏ జబ్బుకి అని వాడు అడగలేదు.
అప్పటికి అన్నీ నొప్పిగానే ఉన్నాయి.

మూడో పెట్టె విప్పుతూ నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.
కౌన్సిల్ ఆహ్వానాలు, మేయర్‌తో ఫొటోలు,
వార్డు ఎన్నికల కరపత్రాలు.
ఇంతమంది ముస్లింలతో మాట్లాడటానికి
సర్కారుకి ఒక్క ఫోన్ నంబరు కావలసొచ్చింది.
ఫైళ్ళు చక్కగా పెట్టుకున్న వాళ్ళే నంబరిచ్చారు.
ఎదురు వీధిలో "వీళ్ళంతా ఒకటే" అని అరిచేవాళ్ళకీ
ఆ ఒక్క నంబరే భలే పనికొచ్చింది.
ఒక ఫొటోలో సమోసాల పళ్ళెం ఉంది.
వేయించినావిడ లేదు.

ఫోన్ చేశాను.
"తౌఖీర్ లీడ్స్‌లో పైపులు బాగుచేస్తాడు.
జుమా వదలడు. ఆ సంగతి ఎత్తితే
టీవీ గొంతు పెంచుతాడు," అంది.
"మీరెక్కడ పెడతారు వాటిని?"
మతం 297, రాజకీయం 320 అన్నాను.
చాలాసేపు కెటిల్ చప్పుడే వినిపించింది.
"నేను సజ్దా చేసే చోటి పక్కన పెట్టకండి.
అలాగని మరీ దూరంగానూ వద్దు.
ఆయన ఆ జానమాజ్ మీంచి లేచే
ఈ మీటింగులకి నడిచారు."

320 అనే రాశాను.
రెండు అంకెల మధ్య మా లైబ్రరీలో
ఒక మెట్ల వరస, ఒక ఫొటోస్టాట్ యంత్రం.

పెన్సిల్ రాతకి జాబితాలో గడి లేదు.
"ఇతర వివరాలు" దగ్గర కొట్టాను.
కంప్యూటర్ కొన్ని అక్షరాల వరకే ఒప్పుకుంది:

హుకూమత్ ఖుదాదే, సరే. మరి కింద సంత