ఉప్పు తట్టుకునేవి

మొదటి వారం మొక్క ముఖమే చూపించలేదు.
రజియా మేడమ్ ఒక కాటా తెప్పించి
డాబా మధ్యలో పెట్టించింది.
అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు
మట్టి పోసి, తడిపి, తూచమంది.
నలభై తొమ్మిది కిలోలు.
"కింద పడుకున్నవాళ్ల నెత్తిమీద బరువిది.
ముందు శ్లాబుని అడగండి,
మొక్కని తర్వాత అడుగుదురుగాని."

సోమునాయుడు లెక్క ఠక్కున చెప్పేవాడు.
పోర్టులో పద్దెనిమిదేళ్లు క్రేన్ నడిపిన మనిషి,
గాల్లో వేలాడేది ఏదైనా
ఎంత బరువో చూసి చెప్పగలడు.
వంగనారు పట్టుకుంటే మాత్రం వేళ్లు వణికేవి.
"ఇంత తేలికది ఎప్పుడూ ఎత్తలేదమ్మా" అనేవాడు.

నేను పెదజాలారిపేట నుంచి.
చేపల వాసన రాని పని ఏదైనా సరే అని
దరఖాస్తు మీద సంతకం పెట్టాను.
సిటీబస్సులో నా పక్క సీటు
ఎందుకు ఖాళీగా ఉంటుందో
ఏడో తరగతి నుంచే తెలుసు.

రెండో వారం పాఠం:
చేప తలలు, పేగులు, మొప్పలు ఐదు కిలోలు,
అనకాపల్లి నల్లబెల్లం ఐదు కిలోలు,
డ్రమ్ములో పొరలు పొరలుగా వేసి మూత బిగించాలి.
"ఎవరు తెస్తారు?" అంది మేడమ్.
ముప్పై మందిలో ఒక్కరూ నావైపు చూడలేదు.
చూడకపోవడం ఎంత చప్పుడు చేస్తుందో
అప్పుడు విన్నాను.

అమ్మ ఒకటే నవ్వు.
"దీని కోసమేటే గుంటా, పీజు కట్టి ఎల్తన్నావు?
నన్నడిగితే ఊరికినే సెప్పీదాన్ని గదా!"
అంటూనే వంజరం తలకాయలు ఏరి ఏరి పెట్టింది,
క్లాసులో నా పరువు పోకూడదని.

ఇరవై ఐదో రోజు మూత తీస్తే
చేప లేదు, బెల్లం లేదు.
పాత చింతపండు రంగు,
ఎక్కడో పండు మగ్గిన వాసన.
లీటరు నీళ్లకి మూడు మిల్లీ.
ఎక్కువైతే వేరు మాడిపోతుందట.
మనిషికి ఎంతో మేడమ్ చెప్పలేదు.

పరీక్షకి నాకొచ్చింది
లాసన్స్ బే దగ్గర తొమ్మిదంతస్తుల మేడ,
సముద్రానికి ఎదురు పిట్టగోడ.
టమాటా వేశాను. ఆశ కదా.
పదకొండో రోజుకి ఆకుల అంచులు
అగ్గిపుల్ల తగిలినట్టు కమిలిపోయాయి.
ఏసీల కింద కారే నీళ్లు డబ్బాలకి పట్టి,
మోసి, ఆకు ఆకూ కడిగాను.
షేడ్‌నెట్ కట్టాను. ఆ రాత్రే గాలి
దాన్ని వలలా విసిరింది,
ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలీదు.
పిట్టగోడ మీద వేలు రాసి నాలుకకి తగిలించుకున్నాను:
మా ఇంటి ముందు ఎండుచేపలు ఆరబోసే చాప రుచి.

నోట్‌బుక్కులో రాసుకున్నాను,
టమాటా పన్నెండు, బతికినవి సున్నా.
కుండీలు బోర్లిద్దామని వంగితే
వాటి మొదట్లో, ఎవరూ పిలవని అతిథి,
ఎర్రటి కాడ, దళసరి ఆకు,
పాకుతూ గంగవాయిలి.

పరీక్షకి వచ్చినాయన బూటు కొనతో తోసి
"ఈ కలుపేంటి?" అన్నాడు.
"ఉప్పు తట్టుకుంటుంది సార్.
నాలుగంగుళాల మట్టి చాలు, శ్లాబుకి బరువు కాదు.
పప్పులో పుల్లగా బాగుంటుంది.
పీకకుండా కోస్తే మళ్లీ వస్తుంది."
ఇంకోటి కూడా నోటిదాకా వచ్చింది, మింగేశాను.
ఆయన ఏదో రాసుకున్నాడు. తల ఎత్తలేదు.

మర్నాడు కూర కోయడానికి అమ్మని తీసుకెళ్లాను.
లిఫ్టులో ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.
అమ్మ చేతిలో డబ్బా చూపించింది:
"మీ మేడ మీద మొక్కల మందమ్మా.
మాయమ్మాయి సేసినాది."

పైకొచ్చాక కూర సంగతే మర్చిపోయింది.
పిట్టగోడ పట్టుకుని, కళ్లు చికిలించి,
"మన పడవలు ఇంతేనేటే?" అంది.
అరచేత్తో వాటిని కొలుస్తూ
చాలాసేపు అలాగే నిలబడింది.